మీనా: ఒక బొమ్మలకథ చరిత్ర



చరిత్రమనగా రాజుల యుద్ధములును, పట్టాభిషేకములును మాత్రమే యని మనలో పలువురు తలంతురు. పిల్లలు చూచి నవ్వుకొను బొమ్మలకథకు చరిత్రమేమిటని మీకు సందేహము కలుగవచ్చును. కాని యట్టి కథ యొకటి, "ఆడపిల్లకు చదువేల?" యను పాత ప్రశ్నను దక్షిణాసియా దేశముల తల్లిదండ్రుల యెదుట క్రొత్తగా నిలిపినది, నా బాల్యమున మా యింటను నిలిపినది. దాని పుట్టుపూర్వోత్తరములను, దానితో ముడివడిన నా జ్ఞాపకమును నేడు మనవి చేసెదను.

భారతదేశము, పాకిస్తాను, బంగ్లాదేశము, నేపాలము, శ్రీలంక, భూటాను, మాల్దీవులు అను ఏడు దేశములు కలిసి 1985లో సార్కు అను కూటమిని ఏర్పఱచుకొనెను. ఈ కూటమి 1990వ సంవత్సరమును బాలికల సంవత్సరముగను, 1991 మొదలు 2000 వఱకు గల పదియేండ్లను బాలికల దశాబ్దముగను ప్రకటించెను. అట్లు ప్రకటింపవలసిన యవసరము నిజముగ నుండెను. 1991 జనాభా లెక్కలను చూడుడు. నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమున, ఏడేండ్లును అంతకు పైబడిన ప్రాయమును గల మగవారిలో నూటికి 55 మంది చదువను వ్రాయను నేర్చినవారు. ఆడువారిలో నూటికి 33 మందియైనను నిండలేదు.

ఈ కాలముననే ఐక్యరాజ్యసమితికి చెందిన బాలల సంస్థ యైన యూనిసెఫ్ బంగ్లాదేశమున నొక యాలోచన చేసెను. ఉపన్యాసములవలన మాఱని మనస్సు కథవలన మాఱవచ్చునని తలంచి, మీనా అను పల్లెటూరి బాలికను కల్పించిరి. ఆమె సోదరుడు రాజు, పసిచెల్లెలు రాణి, ఆమె నెచ్చెలి మిఠూ అను చిలుక. ఈ బొమ్మల రూపమును తీర్చిదిద్దుటలో మన దేశపు చిత్రకారుడు రామ్మోహన్‌గారు ముఖ్యులు. ఆయన 1931లో జన్మించి, 1956లో ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్‌లోని బొమ్మల చిత్రముల శాఖలో చేరి పని నేర్చినవారు. 2014లో పద్మశ్రీ బిరుదమునంది, 2019లో దివంగతులైరి.

ఆ కర్తలు అవలంబించిన పద్ధతి గమనింపదగినది. వారు చిత్రములను తీయుటకు ముందే బంగ్లాదేశము, భారతదేశము, నేపాలము, పాకిస్తాను దేశముల పల్లెలకు పోయి, బొమ్మలను జనులకు చూపి, పిల్ల యెట్లుండవలెను, కట్టుబొట్లెట్లుండవలెను, ఏ పేరు తగునని యడిగిరి. మీనా యను పేరు ఈ దేశములలో పెక్కింట వినబడునదే గనుక, ఎవరికిని పరాయిపిల్లగ తోపలేదు. తొలి చిత్రముల పని ఫిలిప్పీన్స్ దేశపు మనీలా నగరమున జరిగెను. తరువాతి పని బొంబాయికి వచ్చెను. 1993లో బంగ్లాదేశ్ టెలివిజన్ ఈ కథల ప్రసారమునకు నాంది పలికెను. బీబీసీవారి సాహాయ్యముతో ఇవి రేడియో నాటకములుగ కూడ వెలువడెను.

మొదటి కథ వినుడు. రాజు బడికి పోవును. మీనా యింట కోళ్లను కాచుకొనవలెను. ఆమె తన చిలుకను బడికి పంపును. చిలుక కిటికీకడ కూర్చుండి పాఠము విని, తిరిగివచ్చి "రెండు రెళ్ళు నాలుగు" అని వల్లించును. మీనా ఆ లెక్క నేర్చుకొని, తన కోళ్లను లెక్కించి, ఒకటి తగ్గినదని కనిపెట్టును. దొంగ పట్టుబడును. తండ్రి ఆమెను బడికి పంపుటకు సమ్మతించును. ఇందు తండ్రి దుర్మార్గుడు కాడు. ఆ సంగతి యంతవఱకు ఆలోచింపనివాడు మాత్రమే. ఆ పిల్ల పెద్దలను ధిక్కరింపలేదు, లెక్క చెప్పినది.

నేను దీనిని చూచునప్పటికి నాకు ఎనిమిదేండ్ల ప్రాయము. మా గ్రామమున పంచాయతి కచ్చేరిలో నొక టెలివిజన్ పెట్టె యుండెను. దూరదర్శన్‌లో మీనా కథ వచ్చిననాడు పిల్లలమందఱము చాపలపై కూర్చుండెడివారము. మాటలు హిందీలో నుండుటచే మాకు సగమైనను తెలియలేదు. బొమ్మల మొగములు చూచి కథ గ్రహించితిమి. మా అక్కకు పదేండ్లు. తమ్ముడు పుట్టిన యేట, వానిని ఆడించువారు లేరని, ఆమెను రెండవ తరగతిలోనే బడి మాన్పించిరి. వానిని చంకనెత్తుకొని గుమ్మముకడ నిలువబడి ఆమెయు చూచెడిది.

కోళ్ల కథ చూచిన సాయంకాలము అక్క నాతో, "తమ్ముడూ, నాకు చిలుక లేదుగాని నీవున్నావు గదా! ఎక్కములు చెప్పరాదా?" యనెను. నేను గురువునైతినని మురిసిపోయి, ఐదవ యెక్కము వఱకు చెప్పితిని. పిమ్మట గోలీల కాలము వచ్చెను. అక్క రెండు మూడు మాఱులడిగి, ఊరకుండెను.

మఱియొకనాడు మా నాయనమ్మయు వచ్చి చూచెను. ఆనాటి కథలో మామిడిపండు పంచునప్పుడు పెద్దభాగము రాజునకే దక్కును. తరువాత వారిద్దఱును ఒకరి పని యొకరు చేసి చూతురు. మీనా చేయు చాకిరి యెంతటిదో రాజునకప్పుడు తెలిసివచ్చును. మా నాయనమ్మ దానిని చూచి, "మన యింటి సంగతి వీరికెట్లు తెలిసినదిరా?" యనెను. ఆ రాత్రి మొదలుకొని పెరుగుమీద మీగడ మా ఇద్దఱికిని సమముగ వడ్డించెను. కాని బడిమాట యెవరును ఎత్తలేదు. పసివానిని చూచువారు లేరన్న కారణము అట్లే నిలిచియుండెను. నేనును ఎత్తలేదు.

నేడు మా అక్క పాలకేంద్రమున పాలు పోయును. ఐదవ యెక్కము దాటిన లెక్క వచ్చినప్పుడు ఆమె వ్రేళ్లు మడచుకొనును. ఆ వ్రేళ్లను చూచినపుడెల్ల నా గోలీలు నాకు జ్ఞప్తికి వచ్చును.

2009లో మన దేశమున చేసిన నిర్బంధ విద్యాచట్టము, ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల ప్రతి బిడ్డకును ఉచితముగ చదువు పొందు హక్కు నిచ్చినది. బంగ్లాదేశమున సెప్టెంబరు 24వ తేదిని మీనా దినముగ జరుపుదురు. చట్టము బడి తలుపు తెఱవగలదు. ఇంట పసిబిడ్డ నెవరెత్తుకొనవలెను, మీగడ యెవరికి వడ్డింపవలెను అను తీర్పు మాత్రము ఇంటి పెద్దలదే. మీ యింట పని మానలేక బడి మానిన పిల్ల యున్నచో, ఆమె పనిలో కొంత యెవరు పంచుకొనగలరో ఈ రాత్రి భోజనవేళ ఒక్కమాఱు లెక్క చూడవలసినదిగ వేడుచున్నాను.