కొండ అంచున సెయింట్ వాలెరీ: ఓ ఫ్రెంచ్ పల్లె చర్చి చరిత్ర, భవిష్యత్తు

ఫ్రాన్స్ ఉత్తర తీరంలో, నార్మండీలోని దియెప్ రేవుకు పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరంలో వరాంజ్‌విల్ సుర్ మేర్ అనే ఊరుంది. జనాభా వెయ్యి అటూఇటూ. ఆ ఊరి పారిష్ చర్చి పేరు సెయింట్ వాలెరీ. అది ఊరి నడుమ ఉండదు. ఊరికి దూరంగా, సముద్రానికి దాదాపు 80 మీటర్ల ఎత్తున, కొండచరియ అంచు దగ్గర సమాధుల తోట మధ్య నిలబడి ఉంటుంది. ఆ అంచు క్రమంగా చర్చి వైపు జరుగుతూ వస్తోంది.

కట్టడం

చర్చిలోని అతి పాత భాగం 12వ శతాబ్దానిది. తర్వాతి శతాబ్దాల్లో దాన్ని పెంచారు. అందుకే భక్తులు కూర్చునే పొడవాటి హాళ్లు పక్కపక్కనే రెండు కనిపిస్తాయి. వాటి మధ్యనున్న స్తంభాల్లో ఒకదానిపై సముద్ర జీవితానికి సంబంధించిన చెక్కడాలున్నాయి. 16వ శతాబ్దంలో దియెప్ పెద్ద నౌకా వ్యాపార కేంద్రం. అక్కడి ఓడల యజమాని జాన్ ఆంగో వేసవి భవనం ఈ ఊళ్లోనే ఉంది. 1529లో దియెప్ నుంచి బయల్దేరిన పార్మాంతియే సోదరుల ఓడలు సుమత్రా దాకా వెళ్లాయి.

చిత్రకారులు, ఒక సంగీతకర్త

1882లో క్లోద్ మోనే ఇక్కడికి వచ్చి ఈ చర్చిని పలుమార్లు చిత్రించాడు. పికాసోతో కలిసి క్యూబిజానికి బాట వేసిన జార్జ్ బ్రాక్ ఈ ఊళ్లో ఇల్లు కట్టుకుని దశాబ్దాల పాటు పని చేశాడు. చర్చిలోని యెష్షయి వంశవృక్షం రంగు అద్దాల కిటికీ ఆయన రూపకల్పనే. 1963లో మరణించిన బ్రాక్ సమాధి ఈ తోటలోనే ఉంది. దానిపై తెల్ల పక్షి మొజాయిక్ కనిపిస్తుంది.

అదే తోటలో ఉన్న మరో సమాధికి భారత్‌తో నేరుగా సంబంధం ఉంది. అది సంగీతకర్త ఆల్బేర్ రుసెల్‌ది. నౌకాదళంలో పనిచేసిన రుసెల్ 1909లో భారతదేశంలో పర్యటించాడు. చిత్తోడ్ రాణి కథతో ఆయన కూర్చిన ‘పద్మావతి’ ఒపెరా-బాలే 1923లో ప్యారిస్ ఒపెరాలో ప్రదర్శితమైంది.

చర్చి ఎవరి ఆస్తి?

విప్లవ కాలంలో, 1789 నవంబరులో, ఫ్రాన్స్ చర్చి ఆస్తులను జాతీయం చేసింది. 1905 డిసెంబరు నాటి చట్టం ప్రభుత్వాన్ని, మతాన్ని వేరు చేసింది. కొత్త చట్టం కోరిన సంఘాల ఏర్పాటుకు పోప్ పదో పయస్ ఒప్పుకోలేదు. దాంతో పాత పారిష్ చర్చిలు కమ్యూన్ల చేతిలోనే ఉండిపోయాయి. కమ్యూన్ అంటే మన పంచాయతీ, మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ. 1907 చట్టం ఆ భవనాల్లో ఆరాధనకు వీలు కల్పించింది.

అంటే ప్రార్థన విశ్వాసులది, పైకప్పు కమ్యూన్‌ది. ఇలా కమ్యూన్ల ఆస్తిగా ఉన్న చర్చిలు దాదాపు 40 వేలు. చిన్న ఊళ్లకు ఈ భారం మోయడం కష్టం. మరమ్మతుల ఖర్చు భరించలేమంటూ గెస్తే అనే ఊళ్లో 2013లో 19వ శతాబ్దపు చర్చిని కూల్చేశారు. 2018లో వారసత్వ లాటరీ మొదలైంది. 2023లో ఊళ్ల చర్చిల కోసం విరాళాల సేకరణ ప్రారంభించి, దాతలకు 75 శాతం పన్ను రాయితీ ప్రకటించారు.

కొండ ఎందుకు విరుగుతోంది?

ఈ తీరమంతా సుద్దరాయి. కింద అలలు కొండ పాదాన్ని తొలుస్తాయి. పైనుంచి వాననీరు పగుళ్లలోకి ఇంకుతుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి పగుళ్లను పెంచుతుంది. వరాంజ్‌విల్ దగ్గర సుద్దరాయి మీద ఇసుక, బంకమట్టి పొరలు కూడా ఉండటంతో పైభాగం జారిపోతుంది. ఈ తీరం సగటున ఏడాదికి 20 సెంటీమీటర్ల చొప్పున వెనక్కి జరుగుతోందని అంచనా. అయితే సగటును నమ్ముకోలేం. ఏళ్ల తరబడి కదలని అంచు ఒక్క రాత్రిలో మీటర్ల మేర కూలవచ్చు.

ముందున్న దారులు

వాననీటిని మళ్లిస్తే కోత నెమ్మదిస్తుంది కానీ ఆగదు. కొండ పాదాన గోడ కడితే ఖర్చు అపారం. పైగా అది రాళ్ల సహజ ప్రవాహాన్ని అడ్డుకుని పక్క తీరాలకు నష్టం తెస్తుంది. ఇక విప్పి తరలించడం. డెన్మార్క్‌లో సముద్రం ముంచుకొచ్చిన మారుప్ చర్చిని 2008 నుంచి విడతలుగా విప్పేశారు. సెయింట్ వాలెరీ విషయంలో గోడలనైతే తరలించవచ్చు. కానీ చుట్టూ ఉన్న సమాధులను, మోనే గీసిన ఆ కొండను తరలించలేరు. పన్నుల డబ్బుతో మరమ్మతులు చేయించే చట్టం ఫ్రాన్స్‌లో ఉంది. కాళ్ల కింది నేలే పోతుంటే ఎవరు, ఎంతవరకు ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం వెయ్యి మంది ఉన్న ఊరు ఒంటరిగా జవాబు చెప్పలేదు.