కంట్రోల్-హెచ్ నొక్కితే పలికేదెవరు?

మే నెలలో మహారాష్ట్రలోని మా చంద్రాపూర్‌లో నలభై అయిదు డిగ్రీలు దాటినా ఎవరూ దాన్ని వార్తగా చెప్పుకోరు. ఊరి పక్కనే 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. అయినా ఒక సాయంత్రం గాలిదుమారం లేచి మా వీధిలో కరెంటు తీసుకుపోయింది, నెట్టూ దాని వెంటే పోయింది. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. ల్యాప్‌టాప్‌లో మాత్రం కాస్త బ్యాటరీ మిగిలింది. ఈమాక్స్ అనే ఎడిటర్ కోసం నేనొక చిన్న స్క్రిప్టు రాసుకుంటున్నాను. నాలుగైదు పేర్లు చూపించి, ఒకటి ఎంచుకోమని అడిగే ఫంక్షన్ ఒకటుంది. దానికి ఏమేం ఇవ్వాలో, ఏ వరసలో ఇవ్వాలో ఎంతకీ గుర్తు రాలేదు. కంట్రోల్ పట్టుకుని హెచ్ నొక్కి, తరువాత ఎఫ్ నొక్కి, దాని పేరు కొట్టాను. సగం తెర నిండా సమాధానం వచ్చింది. ఆ సమాధానం ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆరా తీయడంతో నా రాత్రి గడిచిపోయింది.

ప్రోగ్రాముకు పక్కన పుస్తకం పెట్టడం ఈమాక్స్ పుట్టక ముందే ఉంది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ తయారుచేసిన యూనిక్స్ తొలి మాన్యువల్ మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంటుంది. ఒక్కో ఆదేశానికి పేరు, వాడే తీరు, వివరణ, వాటితోపాటు లోపాలు. తమ సరుకులోని లోపాలను తామే అచ్చు వేసి పెట్టడం నాకు ఇప్పటికీ అబ్బురమే. మన దగ్గర ఏ మిక్సీ కంపెనీ ఆ పని చేస్తుంది? కాకపోతే పుస్తకం ఒక చోట, ప్రోగ్రాము ఒక చోట. ఈ రోజు ఒకటి మారితే రెండోదానికి ఆ కబురు అందేసరికి ఏడాది పడుతుంది.

ఆ దూరాన్ని చెరిపేసే ప్రయత్నం ఎం.ఐ.టి. కృత్రిమ మేధ ప్రయోగశాలలో జరిగింది. అక్కడ టెకో అనే ఎడిటర్ మీద ఎవరికి వారు మ్యాక్రోలు రాసుకుని, ఎవరి మీటలు వారు పెట్టుకున్నారు. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే ఏ మీట ఏం చేస్తుందో తెలిసేది కాదు. ఈ గందరగోళాన్ని ఒక దారికి తెచ్చే పని గై స్టీల్ మొదలుపెడితే, రిచర్డ్ స్టాల్‌మన్ దాన్ని అందిపుచ్చుకుని 1976లో ఈమాక్స్‌గా నిలబెట్టాడు. 1981లో ఆయన రాసిన పత్రం పేరులోనే ‘తన గురించి తానే చెప్పుకునే ఎడిటర్’ అన్న అర్థం ఉంది. ఫంక్షన్ ఎక్కడుందో దాని వివరణా అక్కడే ఉండాలన్నది అందులోని కిటుకు. ఫంక్షన్ మీరు తిరగరాస్తే వివరణ కూడా మీదే కనిపిస్తుంది.

1985లో గ్నూ ఈమాక్స్ బయటికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురైంది. అందులో చాలా భాగం లిస్ప్ భాషలో ఉన్నా, పునాది ఫంక్షన్లు, అంటే పుట్టుకతోనే లోపల ఉండేవి, సి భాషలో రాశారు. లిస్ప్‌లో ఫంక్షన్ పేరు కింద ఒక వాక్యం రాస్తే చాలు, అదే దాని డాక్‌స్ట్రింగ్. సి భాషకు ఆ అలవాటు లేదు. పైగా వివరణలన్నింటినీ మెమరీలో మోయాలంటే ఆ రోజుల యంత్రాలకు తలకు మించిన భారం. ఎనిమిది మెగాబైట్లు తింటుందని ఈమాక్స్‌ను ఎగతాళి చేసిన కాలం అది! ఇప్పుడు ఫోనులో ఒక్క ఫోటోకే అంత కావాలి.

దానికి కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. సి ఫైలులో ఫంక్షన్‌ను ‘డెఫన్’ అనే మ్యాక్రోతో ప్రకటిస్తారు. ఇప్పటి పద్ధతిలో ఆ మ్యాక్రో లోపల వివరణను సి వ్యాఖ్య రూపంలో పెడతారు. కంపైలర్ వ్యాఖ్యను పట్టించుకోదు, వదిలేసి ముందుకు పోతుంది. ‘మేక్-డాక్‌ఫైల్’ అనే చిన్న ప్రోగ్రాము మాత్రం అవే సి ఫైళ్ల మధ్య తిరిగి, ఆ వ్యాఖ్యలన్నీ ఏరి, డాక్ అనే ఒకే ఫైలులో పోస్తుంది. అసలు ప్రోగ్రాము లోపల మిగిలేది, ఆ ఫైలులో ఫలానా చోట చూడు అని చెప్పే ఒక అంకె. మనం మీట నొక్కినప్పుడే ఫైలు తెరిచి ఆ చోటి నుంచి చదివి వినిపిస్తుంది.

వివరణ ఎలా రాయాలన్నదానికీ కట్టుబాట్లున్నాయి. మొదటి వరుస పూర్తి వాక్యం కావాలి, అది విడిగా కనిపించినా అర్థం కావాలి. ఫంక్షన్‌కు అందించే వాటి పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండాలి. మన లిపిలో పెద్దక్షరాలే లేవు కాబట్టి, తెలుగులో రాసేవాళ్లు దీనికి వేరే గుర్తు వెతుక్కోవాలి. ఇంకో సంగతి: వివరణలో ఫలానా మీట నొక్కండి అని నేరుగా రాయరు, ఆదేశం పేరు రాస్తారు. చూపించేటప్పుడు మీ కీబోర్డులో ఆ ఆదేశం ఏ మీటకు కట్టి ఉందో ఈమాక్స్ చూసి, ఆ మీట పేరునే అక్కడ పెడుతుంది. అచ్చుపుస్తకం వల్ల కాని పని ఇది.

అన్నీ సవ్యంగానే సాగాయని కాదు. కొన్ని టెర్మినళ్లలో బ్యాక్‌స్పేస్ మీట పంపే సంకేతమూ, కంట్రోల్-హెచ్ సంకేతమూ ఒకటే. తప్పు చెరుపుకుందామని బ్యాక్‌స్పేస్ కొట్టినవాడికి సహాయం తలుపు తెరుచుకునేది. అడగని సలహా లాంటిది.

మూలం పక్కనే వివరణ పెట్టే ఈ విద్య మనవాళ్లకు కొత్తదేం కాదు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచల మల్లినాథసూరి తెలుగువాడు, నేటి మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. నన్నడిగితే, ప్రతిపదార్థం మూలశ్లోకం కిందనే ఉండాలి, వేరే సంపుటంలో కాదు. డాక్‌స్ట్రింగ్ రాసేవాళ్లకు ఇంతకు మించిన పాఠం నాకు కనిపించలేదు.

ఈమాక్స్ తరువాత ఈ అలవాటు చాలా చోట్లకు పాకింది. 1987లో యాపిల్ హైపర్‌కార్డ్ తన సహాయాన్ని హైపర్‌కార్డ్‌లోనే ఒక స్టాక్‌గా ఇచ్చింది. జావా వ్యాఖ్యల్లోంచి జావాడాక్ పేజీలు పుట్టాయి. పైథాన్ డాక్‌స్ట్రింగ్‌ను అలాగే తెచ్చుకుంది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో తెరలు మార్చుకోవడానికి లువా భాష ఇచ్చారు కానీ, ఏ ఫంక్షన్ ఏం చేస్తుందో చాలాకాలం ఆటగాళ్లే పరీక్షించి రాసుకోవలసి వచ్చింది. ఆట లోపలే వివరణ అందించడం చాలా ఏళ్ల తరువాతి మాట. నా దృష్టిలో అది తయారీదారుల బద్ధకమే.

ఆ రాత్రి బ్యాటరీ అయిపోయే ముందు కంట్రోల్-హెచ్ నొక్కి మళ్లీ హెచ్ నొక్కాను. లోకంలోని ఎన్నో భాషలు పలకరించే పేజీ అది. వాటి మధ్య మన లిపిలో ‘నమస్కారం’ కనిపించింది. కొత్తవాళ్లకు ఓనమాలు దిద్దించే ట్యుటోరియల్ మాత్రం జపనీస్, కొరియన్, థాయి భాషల్లో ఉంది, తెలుగులో లేదు. బల్లార్షా దాటితే రైలు తెలుగు నేలలోకి వస్తుంది, చంద్రాపూర్ గనుల చుట్టూ తెలుగు ఇళ్లు తరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్లలో కంప్యూటరు చదివే పిల్లలకు నా మనవి: సెలవుల్లో ఆ ట్యుటోరియల్‌ను ఒక్కసారి తెరవండి. మొదటి పేజీ తెలుగు చేస్తే నాకు చూపించండి, అచ్చుతప్పులు నేను దిద్దిపెడతాను.