అన్న చేతిలో మైకు

మా మాదిగ గేరిలో మొదట టీవీ మైకు పట్టుకున్నోడు మా పెద్దనాయన కొడుకు. అది 2006. నేను ఇంటర్ చదువుతున్నా. అన్న డిగ్రీ మధ్యలో వదిలి కర్నూల్లో పెళ్లి వీడియోల షాపులో పని చేసేటోడు. ఒక వార్తా చానల్ మండలానికొక కంట్రిబ్యూటర్ కావాలంటే పోయి చేరినాడు. చేతికొక లోగో ఇచ్చినారు. అంతే. కెమెరా తనదే, బండి తనదే, పెట్రోలు తనదే. కెమెరా కోసం పెద్దమ్మ కమ్మలు కుదువ పెట్టినారు.

జేజి ఆ లోగోను తడిమి చూసి "దీంట్లో మాట్లాడితే యాడిదాకా వినపడతాది రా?" అంది.

"హైదరాబాదు దాకా పోతాది జేజీ. ఆడోళ్లకు ఇష్టమైతే అందరికీ వినపడతాది" అన్నాడు అన్న. అందరం నవ్వినాం.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. 1983లో శాంతిస్వరూప్ తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టినాడు. ఎదురుగా అక్షరాలు నడిచే ప్రాంప్టర్ లేని కాలం. 2011లో రిటైరయ్యి, 2024లో పోయినాడు. మా నాయన కూడా ఆయన పేరు గౌరవంగానే తలుస్తాడు. కాకపోతే నాయన ఆ వార్తలు విన్నది పంచాయితీ ఆఫీసు అరుగు కింద నిలబడి. అరుగు మీద ఎవరు కూర్చునేటోళ్లో మీకు చెప్పక్కర్లేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ రెండూర్ల సంగతి మా గేరికి చేరింది ఆ పెట్టెలోంచి కాదు. సభలకు పోయొచ్చినోళ్ల నోటెమ్మడి చేరింది, పాటల్లో చేరింది.

1996లో వాషింగ్టన్ పోస్ట్ విలేకరి కెన్నెత్ కూపర్, తనూ నల్లజాతివాడే, ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలని ఢిల్లీలో బి.ఎన్. ఉనియాల్‌ను అడిగినాడు. ఉనియాల్ వెతికినాడు. దొరకలే. దొరకని సంగతే పయనీర్ పత్రికలో రాసినాడు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మందిని లెక్క తీసినారు. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. అదే ఏడు మా అన్న చేరినాడు. సంతోషపడదామంటే, ఆ లెక్క కుర్చీలది. అన్నకిచ్చింది లోగో.

2003-04లో ఈటీవీ-2, టీవీ9 వచ్చినాక రోజంతా వార్తలే. రోజంతా వార్తలంటే మండలం మండలంలో మనిషి కావాల. ఆ మనిషికి జీతం లేదు. అన్నకు స్టోరీకింత అనేటోళ్లు, అదీ ప్రసారమైతేనే. కేసెట్టు కవర్లో పెట్టి, ఆర్టీసీ బస్సు డ్రైవర్ని బతిమాలి కర్నూలుకు పంపాల. ఇంగ ఆగస్టు 15కు, సంక్రాంతికి యాడ్లు తేవాల. అసలు మెలిక ఈడుంది. గేరి పిల్లోడు పోయి పెద్దింటి వాకిట్లో యాడ్ అడగాల. ఇచ్చినాయన హోటల్లో మనకు వేరే గ్లాసుంటే, తెల్లారి ఆ గ్లాసు మీద కెమెరా ఎట్ల పెడతాడు? ఒకసారి పెట్టినాడు కూడా. అది రాలేదు. ఆ ఏడు యాడూ రాలేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినాయి. మంత్రాలయం మఠంలోకి నీళ్లొచ్చినాయి. మా ఊరు తుంగభద్ర ఒడ్డు. గేరి పల్లంలో. రెండు రాత్రులు బడి మిద్దె మీదున్నాం. అన్న కెమెరాను యూరియా సంచిలో చుట్టి కడుపు కింద పెట్టుకోని పండుకున్నాడు. తెల్లారినాక తీసినాడు: కూలిన మట్టిగోడలు, ఉబ్బిన బర్రెలు, అన్నం పొట్లాల ట్రాక్టరు. ట్రాక్టరు ఊర్లో ఆగి చేతికిచ్చింది. గేరి కాడ ఆగకుండా విసిరింది. జేజి మైకు ముందర నిలబడి ఆ మాటే చెప్పింది, తిట్లతో సహా.

రోడ్లు తెగిపోయినాయి. అన్న సగం దూరం నడిచి కేసెట్లు కర్నూల్లో ఇచ్చొచ్చినాడు. కరెంటొచ్చినాక టీవీ ముందర కూర్చున్నాం. మా గేరి నీళ్లు కనపడినాయి, రెప్పపాటు. దాని మీద ఎవరిదో గొంతు మంత్రాలయం గురించి చెప్తాంది. జేజి రాలేదు. ఫోన్ చేస్తే డెస్కాయన "ఇంత విపత్తులో కులమెందుకబ్బా, మానవత్వం చూపించు" అన్నాడంట. ఆ మాట అన్న నాకు చెప్పింది మూడేండ్ల తర్వాత.

2012లో లోగో వెనక్కి తీసుకున్నారు. చేరేటప్పుడు కాయితం లేదు, తీసేసేటప్పుడూ లేదు. డీఎస్సీలో నాకు ఉద్యోగమొచ్చిన రోజు అన్న నా ఆర్డరును రెండుసార్లు చదివి "దీంట్లో నీ పేరుందే" అన్నాడు.

హైదరాబాదులో రవిచంద్రన్ బత్రన్ 'దళిత్ కెమెరా' యూట్యూబులో మొదలుపెట్టిన సంగతి నాకు చానా లేటుగా తెలిసింది. చూపిస్తే అన్న గమ్మున చూసి, లేచిపోయి ట్రంకు పెట్టె తెరిచినాడు. వరద కేసెట్టు ఒకటి నకలు పెట్టుకున్నాడు! కర్నూల్లో ఆయన పాత షాపులోనే ఎక్కించి ఫోన్లోకి తెచ్చినాం. జేజి పోయి అప్పటికే ఐదేండ్లు. గేరిలో అందరూ ఫోను చుట్టూ మూగినారు. జేజి తిట్లకు పిల్లోళ్లు పడీ పడీ నవ్వినారు. తర్వాత అన్న, మోకాళ్ల లోతు నీళ్లల్లో నిలబడి, తన పేరు చెప్పి, మా ఊరి పేరు చెప్పి, "మాదిగ గేరి నుంచి" అన్నాడు. ఆ వెంటనే బ్యాండు మేళం, ఎవరిదో పెళ్లి. పాత కేసెట్టు మీదే నకలు తీసినాడు.