అడిగి తెరిపించుకున్న తలుపులు: మా లౌడన్ కౌంటీ లైబ్రరీల కథ

యాష్‌బర్న్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లను మీ ఊరి చరిత్ర చెప్పమంటే చాలామంది బిల్డరు పేరుతో మొదలుపెడతారు. ఏ కమ్యూనిటీ ఏ ఏడు కట్టారు, అప్పుడు ధరెంత, ఇప్పుడెంత. అంతకుముందు ఇక్కడ ఏముండేదంటే 'ఏముంది, అంతా పొలాలే' అంటారు. ఆ మాట అబద్ధమూ కాదు. 1960 జనాభా లెక్కల్లో వర్జీనియాలోని ఈ లౌడన్ కౌంటీ మొత్తం మీద ఉన్నది 24,549 మంది. 2020 నాటికి 4,20,959 అయ్యారు. 1962లో డల్లెస్ విమానాశ్రయం వచ్చింది, 1990లలో ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ వచ్చింది, దాని వెనక డేటా సెంటర్లు, వాటి వెనక మనం. ప్రపంచంలోని ఇంటర్నెట్‌లో 70 శాతం యాష్‌బర్న్ మీదుగానే పోతుందని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటారు. ఆ లెక్క ఎవరు ఎలా కట్టారో గానీ నాకు నమ్మకం లేదు. ఇన్ని డేటా సెంటర్లు ఒక్కచోట మరెక్కడా లేవన్నది మాత్రం నిజం. వాటిలోని కంప్యూటర్ల మీద వచ్చే పన్నే కౌంటీ ఖజానాకు పెద్ద దన్ను.

ఆ ఖజానా డబ్బులోంచే మన పిల్లల స్టోరీ టైమ్ కూడా నడుస్తుంది. బ్రాంబుల్టన్ లైబ్రరీకో గమ్ స్ప్రింగ్ లైబ్రరీకో వారం మధ్యలో పొద్దున పూట వెళ్లి చూడండి. చాప మీద కూర్చున్న పసివాళ్ల వెనక గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు కనిపిస్తారు. ఆరు నెలలు ఉందామని వచ్చి, కారు నడపడం రాక, టీవీ చూసి చూసి విసిగిన పెద్దవాళ్లకు ఇంత ఊరట ఇచ్చే చోటు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే తరగతులు, పరీక్షలకు చదువుకునే గదులు, వేసవిలో పిల్లల చదువు పోటీ, అన్నీ ఉచితమే. మన సంఘాలవాళ్లూ మీటింగ్ రూములు బుక్ చేసుకుంటారు. ఇంతగా వాడుకుంటున్నాం కాబట్టే ఈ తలుపులు ఎలా తెరుచుకున్నాయో మనకు తెలిసి ఉండాలంటాను. వాటంతటవి తెరుచుకున్నవి కావు.

కౌంటీకి పడమట పర్సెల్‌విల్ అని చిన్న ఊరుంది. 1956 చివర్లో శామ్యూల్ మర్రే అనే ఆయన అక్కడి లైబ్రరీకి ఒక పుస్తకం కోసం వెళ్లాడు. సోఫాలకు, కుర్చీలకు గుడ్డ వేసి కుట్టడం ఆయన వృత్తి. కుచ్చులు కుచ్చులుగా పైకి లేచే ఆస్ట్రియన్ తరహా కిటికీ తెరలు కుట్టే పని తగిలింది. అవి ఎలా కుట్టాలో చూసుకోవడానికి పుస్తకం కావాల్సి వచ్చింది. ఆయన నల్లజాతివాడు. పుస్తకం ఇవ్వబోమన్నారు.

అది ఎలాంటి కాలమో గుర్తు చేసుకోవాలి. బడుల్లో జాతి వివక్ష చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లోనే తేల్చినా, ఆ తీర్పును అమలు కానివ్వబోమని వర్జీనియా ప్రభుత్వం పంతం పట్టింది. నల్ల పిల్లల్ని చేర్చుకోవడం ఇష్టం లేక 1958లో కొన్నిచోట్ల ఏకంగా బడులే మూసేశారు. లౌడన్ కౌంటీ ఏమీ తక్కువ తినలేదు. అంతకు కొన్నేళ్ల ముందు లీస్‌బర్గ్‌లో నల్లవాళ్లకు ఒక హైస్కూలు కావాలంటే తల్లిదండ్రులే చందాలు వేసుకుని స్థలం కొని, ఒక్క డాలరుకు కౌంటీకి రాసివ్వాల్సి వచ్చింది. అలా 1941లో తెరిచిందే డగ్లస్ హైస్కూలు. కౌంటీ బడులన్నీ పూర్తిగా కలిసేసరికి 1968 అయింది.

అలాంటి రోజుల్లో శామ్యూల్, ఆయన భార్య జోసీ ఊరుకోలేదు. కుట్టుపని మీద బతికే సంసారం. తెల్లవాళ్ల ఇళ్లలోనే వాళ్లకు పని. నోరు మూసుకుని ఇంటికి వెళ్లడానికి కావలసినన్ని కారణాలు ఉన్నాయి. అయినా లాయరును పెట్టుకున్నారు. పన్నుల డబ్బుతో నడిచే లైబ్రరీ తమకెందుకు తెరవరని అడిగారు. కోర్టుకెక్కుతామన్నారు. ఊళ్లో నిధులు ఆపేయాలన్న గొడవ కూడా నడిచింది. చివరికి 1957లో లైబ్రరీ బోర్డు ఓటు వేసి అందరికీ తలుపులు తెరిచింది. ఈ కథలో ఊరేగింపుల్లేవు, పేరుమోసిన నాయకుల్లేరు. కిటికీ తెర ఎలా కుట్టాలో తెలుసుకోవాలనుకున్న ఒక పనివాడున్నాడు. నాకు ఈ కౌంటీలో జరిగిన యుద్ధాలన్నిటికంటే ఇదే పెద్ద సంఘటనగా కనిపిస్తుంది.

యుద్ధాల మాట వచ్చింది కాబట్టి వాటర్‌ఫర్డ్ గురించి చెప్పాలి. అక్టోబరులో అక్కడ జరిగే తిరనాళ్లకు మనవాళ్లూ పిల్లల్ని తీసుకుని వెళతారు. రాతి ఇళ్ల ముందు ఫొటోలు దిగి, ఆపిల్ సైడర్ తాగి వస్తారు. 1733లో క్వేకర్లు కట్టుకున్న పల్లె అది. క్వేకర్లు యుద్ధమూ బానిసత్వమూ రెండూ వద్దన్న క్రైస్తవ శాఖవాళ్లు. అంతర్యుద్ధంలో వర్జీనియా దక్షిణాది పక్షాన నిలిస్తే ఈ పల్లె ఉత్తరాది వైపు మొగ్గింది. 1864 మేలో లిడా డటన్, లిజీ డటన్, సారా స్టీర్ అనే ముగ్గురు యువతులు 'వాటర్‌ఫర్డ్ న్యూస్' అని ఒక పత్రిక మొదలుపెట్టారు. చిన్న వయసే వాళ్లది. చుట్టూ శత్రుసేనలు తిరుగుతుంటే, రాసింది బాల్టిమోర్‌కు పంపి అక్కడ అచ్చు వేయించేవారు. ఎనిమిది సంచికలు వచ్చాయి. అమ్మగా వచ్చిన డబ్బు గాయపడిన సైనికులకు పోయింది. ఈ కౌంటీలో స్థానిక వార్త అనే దానికి ఇంతటి వంశం ఉంది. ఇప్పుడు లౌడన్ టైమ్స్-మిర్రర్, లౌడన్ నౌ ఆ పని చేస్తున్నాయి. మనం మాత్రం స్కూలు సరిహద్దులు మారుస్తున్నారన్న సంగతి వాట్సాప్ గ్రూపులో, అదీ సగం తప్పుగా తెలుసుకుని, ఆఖరి రోజున హడావిడి పడతాం.

ఆ క్వేకర్ల పేరు వందేళ్లు దాటాక మళ్లీ లైబ్రరీ గొడవలోనే వినిపించింది. 1997 అక్టోబరులో లైబ్రరీ ట్రస్టీల బోర్డు ఒక నిబంధన పెట్టింది. లైబ్రరీ కంప్యూటర్లన్నిటిలో ఎక్స్-స్టాప్ అనే ఫిల్టరు పెట్టి, అశ్లీలమని తోచిన సైట్లను పెద్దవాళ్లకు సైతం కనపడకుండా ఆపేయాలన్నది దాని సారం. పిల్లల తల్లిదండ్రులకు ఆ భయం ఉండటం సహజమే, నాకూ ఉంది. కానీ ఆ ఫిల్టరుకు వివేకం ఎక్కడిది? క్వేకర్ల సైటునూ, మేరీలాండ్‌లోని విద్యావంతులైన మహిళల సంఘం సైటునూ ఆపేస్తోందని మెయిన్‌స్ట్రీమ్ లౌడన్ అనే స్థానిక పౌరుల బృందం కోర్టుకు వెళ్లింది. కేసు లియోనీ బ్రింకెమా అనే న్యాయమూర్తి ముందుకు వచ్చింది. ఆమె జడ్జి కాకముందు లైబ్రేరియన్‌గా పనిచేసిన మనిషి. 1998 నవంబరు 23న ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. లైబ్రరీల్లో ఇంటర్నెట్ గురించి అమెరికాలో వచ్చిన తొలి తీర్పుల్లో అదొకటి. ఇంటర్నెట్‌కు రాజధానినని చెప్పుకునే కౌంటీలోనే, దాన్ని ఎవరు ఎంత చూడవచ్చన్న తగువు కూడా మొదట్లోనే తేలింది.

ఇక మన యాష్‌బర్న్. ఇక్కడ 1892లో నల్ల పిల్లల కోసం కట్టిన ఒక గది బడి ఇంకా నిలబడి ఉంది. పక్కనున్న స్కూలు విద్యార్థులు దాన్ని బాగుచేయిస్తుండగా, 2016లో ఐదుగురు కుర్రాళ్లు రాత్రిపూట వచ్చి గోడల మీద నాజీల స్వస్తిక గుర్తులూ జాతి ద్వేషపు రాతలూ రాసిపోయారు. అందరూ పదహారు, పదిహేడేళ్లవాళ్లు. అలెజాండ్రా రుయెడా అనే ప్రాసిక్యూటరు చూస్తే, ఆ పిల్లలకు తాము గీసిన గుర్తులకు అర్థమే సరిగా తెలియదనిపించింది. ఆమె తల్లి లైబ్రేరియన్. అందుకేనేమో, జైలు కాకుండా చదువు శిక్షగా వేయమంది. జడ్జి ఒప్పుకున్నారు. 35 పుస్తకాల జాబితా ఇచ్చి నెలకొకటి చొప్పున ఏడాది పాటు చదివి, ఒక్కోదాని మీద వ్యాసం రాయాలన్నారు. చినువా అచెబె నవల, ఖాలిద్ హుస్సేనీ నవల ఆ జాబితాలో ఉన్నాయి. పుస్తకం చదవడం శిక్షేమిటని నవ్వినవాళ్లున్నారు. నాకైతే ఈ కౌంటీ చరిత్రకు తగిన తీర్పే అనిపించింది.

ఆ బడికి దగ్గర్లోనే, రూట్ 7 పక్కన, బెల్మాంట్ ఎస్టేటులో బానిసలుగా బతికినవాళ్ల శ్మశానం ఉంది. దాన్ని స్మారక స్థలంగా ప్రకటించారు. రోజూ ఆఫీసుకు పోతూ దాన్ని దాటిపోయేవాళ్లలో మనవాళ్లు వేలమంది.

ఈ సంగతులన్నీ తవ్వి పైకి తీసినవాళ్లలో పెద్ద పండితులు తక్కువ, ఊరివాళ్లు ఎక్కువ. వాళ్లకు అండ లీస్‌బర్గ్‌లోని థామస్ బాల్చ్ లైబ్రరీ. 1922లో చందాదారుల లైబ్రరీగా మొదలై, ఇప్పుడు పట్టణం నడిపే చరిత్ర, వంశవృక్షాల గ్రంథాలయంగా ఉంది. దాని మిత్రబృందంలోని నల్లజాతి చరిత్ర కమిటీ ఇంటింటి జ్ఞాపకాలు పోగుచేసి పుస్తకాలు వేసింది. మనకు గ్రంథాలయాల పని కొత్తదేం కాదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి పల్లెపల్లెకూ పుస్తకాలు చేర్చినవాళ్ల మనవలం. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయానికి కట్టిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. ఇక్కడ మాత్రం లైబ్రరీ ట్రస్టీల సమావేశం ఎప్పుడో కనుక్కున్నవాళ్లు మనలో ఎంతమంది? ఆ సమావేశాలకు ఎవరైనా వెళ్లవచ్చు.

ఇప్పుడు ఈ కౌంటీలో దాదాపు ఐదుగురిలో ఒకరు ఆసియా మూలాలవాళ్లు. మన వనభోజనాలు, బతుకమ్మలు, శని ఆదివారాల తెలుగు బడులు ఈ ఊరి చరిత్రలో భాగమైపోయాయి. వాటి కరపత్రాలు, ఉగాది సంచికలు, ఫొటోలు గరాజుల్లో అట్టపెట్టెల్లో పడి ఉన్నాయి. ఇల్లు అమ్మినప్పుడు రీసైక్లింగ్ బండిలోకి పోతాయి. మీ దగ్గర అలాంటి పెట్టె ఉంటే పారేయకండి. బాల్చ్ లైబ్రరీకి ఫోన్ చేసి తీసుకుంటారేమో అడగండి. ఇచ్చే ముందు ప్రతి ఫొటో వెనకా ఎవరు, ఎక్కడ, ఏ ఏడు అన్నది పెన్సిలుతో రాయండి. తెలుగులో రాస్తే పక్కనే ఇంగ్లీషులో కూడా.