కిటికీకి నాలుగు కడ్డీలు

ఎండాకాలం వచ్చిందంటే న్యూయార్క్‌లోని పాత అపార్ట్‌మెంట్లు కొలిమిలా కాగేవి. ఏసీ కొనే స్తోమత లేని బ్రాంక్స్, హార్లెమ్ కుటుంబాలు గాలి కోసం కిటికీలు తెరిచి ఉంచేవి. ఆ కిటికీల కింది అద్దం పైకి జరుగుతుంది. జరిపితే పిల్లల ఎత్తులోనే పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. చాలా ఇళ్లలో దాన్ని ఆనుకునే గదిని వేడిచేసే రేడియేటర్ ఉండేది, లేకపోతే మంచం. రెండేళ్ల పిల్ల ఎక్కడానికి ఇంకేం కావాలి? పురుగులు రాకుండా బిగించిన జాలీ పిల్ల బరువుకు ఊడిపోయేది.

పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువైనది. బయటికి వంగిన పిల్ల తూలితే ముందు తలే కిందికి పోతుంది. పుర్రె ఎముకా పలచనే.

1960ల చివర్లో ఆ నగరంలో 15 ఏళ్లలోపు పిల్లల ప్రమాద మరణాల్లో సుమారు 12 శాతం ఎత్తు నుంచి పడినవే. తల్లి ఏమరుపాటు అనేసి ఊరుకోవడం సులువు. నగర ఆరోగ్య శాఖ ఆ పని చేయలేదు. 1972లో షార్లెట్ స్పీగెల్ ఆధ్వర్యంలో ‘పిల్లలు ఎగరలేరు’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పిల్ల పడిందని ఆసుపత్రి నుంచో పోలీసుల నుంచో కబురు అందగానే నర్సు ఆ ఇంటికి వెళ్లేది. తల్లిదండ్రులతో మాట్లాడి జాగ్రత్తలు చెప్పేది. ప్రమాదం ఎక్కువగా ఉన్న పేటల్లో చిన్నపిల్లలున్న ఇళ్లకు కడ్డీల చట్రాలు ఉచితంగా పంచారు. 1973 నుంచి 1975 నాటికి బ్రాంక్స్‌లో ఇలాంటి ప్రమాదాలు సగానికి తగ్గాయి.

1976లో ఈ బాధ్యతను నగరం చట్టప్రకారం ఇంటి యజమానికి అప్పగించింది. పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలున్న అపార్ట్‌మెంట్ కిటికీలకు ఆయనే కడ్డీలు బిగించాలి. కడ్డీల మధ్య అయిదంగుళాల బంతి కూడా దూరకూడదు. ఈ కథలో నిర్ణాయకమైన మలుపు ఇదే. ఇరవై నాలుగ్గంటలూ రెప్పవేయకుండా బిడ్డను కాయడం ఏ తల్లికీ సాధ్యం కాదు, కడ్డీకి సాధ్యం.

హార్లెమ్ ఆసుపత్రిలో పిల్లల సర్జన్ బార్బరా బార్లో బృందం పదేళ్ల కేసులను పరిశీలించి 1983లో ఫలితాలు ప్రకటించింది. మూడంతస్తులు, అంతకన్నా తక్కువ ఎత్తు నుంచి పడ్డ పిల్లలందరూ బతికారు. అయిదు, ఆరు అంతస్తుల దగ్గర సగం మంది చనిపోయారు. కడ్డీలు వచ్చాక, కిటికీ నుంచి పడి ఆ ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య మాత్రం 96 శాతం తగ్గింది.

బతకడం వేరు, కోలుకోవడం వేరు. లేత మెదడు దెబ్బను తట్టుకుని సర్దుకుంటుందని వైద్యులు చాలాకాలం నమ్మారు. 1930ల్లో మార్గరెట్ కెన్నార్డ్ కోతులపై చేసిన ప్రయోగాలు ఆ నమ్మకానికి ఊతమిచ్చాయి. తర్వాతి పరిశోధనలు ఆ ధీమాను సడలించాయి. మరీ చిన్న వయసులో తగిలిన తీవ్రమైన దెబ్బ, ఇంకా రూపుదిద్దుకోని శక్తులనే దెబ్బతీస్తుంది. మూడేళ్లకు చక్కగా ఆడుకునే పిల్ల, ఎనిమిదేళ్లకు బడిలో లెక్క మీద మనసు నిలపలేకపోవచ్చు. అప్పటికి ఆ పాత దెబ్బ టీచరుకు తెలియకపోవచ్చు కూడా.

న్యూయార్క్‌లో ఆ చట్టం ఇప్పటికీ ఉంది. క్వీన్స్ అపార్ట్‌మెంట్లలో అద్దెకుండే తెలుగు కుటుంబాలకూ ఏటా జనవరిలో యజమాని నుంచి ఒక ఫారం వస్తుంది. ఇంట్లో పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలున్నారా, కడ్డీలు కావాలా అని అడుగుతుంది. జవాబు రాకపోతే యజమానే వచ్చి చూసుకోవాలి.