ఎగ్జిమా: పొంగిన చర్మం

ఎగ్జిమా గ్రీకు మాట. ‘ఎక్’ అంటే బయటికి, ‘జెయిన్’ అంటే మరగడం. చర్మం మరిగి పొంగినట్టు కనిపించిందని ఆ పేరు. మన ఇళ్లలో దీన్నే తామర అనో గజ్జి అనో అనేస్తారు. పసివాళ్లకు కష్టం అక్కడే మొదలవుతుంది. తామర శిలీంధ్రంతో, గజ్జి కంటికానని పురుగుతో వస్తాయి, రెండూ అంటుకుంటాయి. ఎగ్జిమా అంటదు. పేరును నమ్మి దుకాణంలో కొనే తామర మలాముల్లో కొన్నింటిలో బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. పసిబుగ్గకు అది పూయడం తలచుకుంటేనే భయం.

అసలు చిక్కు, చర్మం తేమను నిలుపుకోలేకపోవడం. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యులోపానికి దీనితో సంబంధముందని 2006లో తేలింది. సున్నిపిండి రుద్దుడు, ఘాటు సబ్బు, ఉన్ని, చెమట దురదను రేపుతాయి. కొందరు బిడ్డల్లో గుడ్డు, ఆవుపాలు కూడా. కానీ డాక్టరు తేల్చకముందే పాలు మాన్పించకండి.