కొండాపూర్‌కు రాని రైలు

హైదరాబాద్‌లోని కొండాపూర్‌కు ఉత్తరాన హఫీజ్‌పేట మీదుగా సాగే రైలుమార్గం నిజాం కాలం నాటిది. సికింద్రాబాద్‌ను వాడి జంక్షన్‌తో కలుపుతూ 1874లో వేసిన లైను అది. ఐటీ కంపెనీలు రావడానికి నూట పాతికేళ్ల ముందే, కొండాపూర్, కొత్తగూడ ఇంకా చెలకలు, చెరువుల మధ్య పల్లెలుగా ఉన్నప్పుడే రైలు ఈ దాపుల్లోకి వచ్చింది. రైలు, రోడ్డు పోటీపడి నష్టపోకుండా చూసే ఏర్పాటు కూడా ఆ రాజ్యంలో ఉండేది. 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ నిజాం స్టేట్ రైల్వేలోనే భాగం. 1951లో ఆ శాఖ హైదరాబాద్ ప్రభుత్వం కిందికి వెళ్లాక రైలుకు, బస్సుకు యజమానులు వేరయ్యారు. తర్వాతి చిక్కుల్లో చాలావాటికి ఈ విడిపోవడంతో సంబంధం ఉంది.

1998 నవంబరులో ప్రధాని వాజపేయి ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక ఈ ప్రాంతం రూపు మారిపోయింది. ఉన్న పట్టాలనే వాడుకుంటూ రాష్ట్రం, రైల్వే చెరి సగం ఖర్చుతో చేపట్టిన ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 ఆగస్టు 9న పట్టాలెక్కింది. లింగంపల్లి లైనులో బోరబండకు, హఫీజ్‌పేటకు మధ్య హైటెక్ సిటీ పేరుతో స్టేషన్ ఏర్పడింది. పేరు హైటెక్ సిటీయే అయినా దిగినవాళ్లు ఆఫీసుకు చేరాలంటే మళ్లీ బస్సో షేర్ ఆటోనో ఎక్కాల్సిందే. పైగా ఇదే లైనులో ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బళ్లు కూడా నడవాలి కాబట్టి లోకల్ రైళ్ల సంఖ్య పెంచడానికి వీలు తక్కువ. టికెట్టు చవకైనా వేళకు రాని రైలును నమ్ముకుని షిఫ్టు ఉద్యోగం చేయడం కష్టం. చాలామంది బైకు కొనుక్కున్నది ఇందుకే.

మెట్రో కథ మరీ నిదానంగా నడిచింది. 2008లో సత్యం యజమానుల కుటుంబానికే చెందిన మేటాస్ బృందానికి దక్కిన కాంట్రాక్టు సత్యం కుంభకోణం తర్వాత 2009లో రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది. 2017 నవంబరులో మియాపూర్‌లో తొలి రైలు కదిలింది. 2019 మార్చిలో మరో లైను హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబరులో రాయదుర్గానికి చేరింది. కొండాపూర్‌కు ఒక పక్క మియాపూర్, ఇంకో పక్క హైటెక్ సిటీ. రెంటికీ మెట్రో ఉంది, నడుమనున్న కొండాపూర్‌కు లేదు.

ఈలోగా రోడ్ల పని చకచకా సాగింది. జీహెచ్‌ఎంసీ వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద 2018లో అయ్యప్ప సొసైటీ, మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లు, 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ అందుబాటులోకి వచ్చాయి. కరోనా కాలంలో రోడ్డుకు, రైలుకు తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. 2020 మార్చిలో ఆగిన ఎంఎంటీఎస్ మళ్లీ నడిచింది 2021 జూన్‌లో. ఆ మధ్యకాలంలోనే బయోడైవర్సిటీ కూడలిలో రెండో వంతెన, దుర్గం చెరువు తీగల వంతెన తెరుచుకున్నాయి. మెట్రో లైనుకు రాష్ట్ర మంత్రివర్గం, కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ, అప్పిచ్చే సంస్థలు అందరూ ఒప్పుకోవాలి. ఫ్లైఓవర్‌కు నగరపాలక సంస్థ నిధులు, రాష్ట్రం ఆమోదం ఉంటే పని మొదలవుతుంది, అయిదేళ్ల పదవీకాలంలోనే రిబ్బను కత్తిరించవచ్చు. రోడ్డా రైలా అన్న చర్చలో రోడ్డు గెలుస్తూ వచ్చింది ఎక్కువగా ఈ కారణం వల్లే. ఏది ఎక్కువమందిని చేరవేస్తుందన్న అసలు ప్రశ్న వెనకబడిపోయింది.

కొండాపూర్‌కు నేరుగా మెట్రో తెచ్చే ప్రతిపాదన ఒకటి లేకపోలేదు. బీహెచ్‌ఈఎల్ నుంచి హఫీజ్‌పేట, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి, మెహిదీపట్నం మీదుగా లక్డీకాపూల్‌కు 26 కిలోమీటర్ల లైను అది. నాగోల్–ఎల్బీ నగర్ మధ్య 5 కిలోమీటర్లు కలిపి మొత్తం 31 కిలోమీటర్లకు 8,453 కోట్ల రూపాయలని అంచనా వేసి, 2022 నవంబరులో రాష్ట్రం కేంద్రం ఆమోదం కోరింది. ప్రయాణికులు చాలరని, ప్రాజెక్టు గిట్టుబాటు కాదని 2023 మార్చిలో కేంద్రం జవాబిచ్చింది. రోజూ ఉదయం కొత్తగూడ చౌరస్తాలో కదలకుండా నిలిచే బళ్లను చూసినవారికి ఈ లెక్క మింగుడుపడలేదు. ఇంతకంటే చిన్న నగరాలకు మెట్రో ఇచ్చి హైదరాబాద్‌ను కాదనడం వివక్షేనని అప్పటి మంత్రి కేటీఆర్ ఘాటుగా లేఖ రాశారు.

కేంద్రం జవాబు వచ్చే వేళకే కొత్తగూడ చౌరస్తా మీద 263 కోట్ల ఫ్లైఓవర్ నిలిచింది. 2023 జనవరి 1న తెరిచిన ఆ వంతెన ర్యాంపులతో కలిపి దాదాపు మూడు కిలోమీటర్లు. మసీద్ బండ వైపు నుంచి ఎక్కే ర్యాంపు ఒకటి, హైటెక్ సిటీ వైపు దిగేది ఇంకొకటి, హఫీజ్‌పేట దిశగా కింద అండర్‌పాస్. సిగ్నళ్ల దగ్గర ఆగే సమయం తగ్గిన మాట నిజం. అయితే అదే దారిలో ఎప్పుడైనా మెట్రో రావాలంటే వంతెన మీదుగా ఇంకా ఎత్తుకు లేవాలి, లేదా పక్కకు తప్పుకోవాలి. రెండూ ఖర్చుతో కూడినవే. రోడ్డునూ రైలునూ ఒకే నక్షా మీద గీసి, ఒకే స్తంభాల వరుస మీద కట్టే అవకాశం ఇక్కడ చేజారింది. నాగ్‌పూర్ వార్ధా రోడ్డులో మాత్రం కింద వాహనాలకు ఫ్లైఓవర్, దాని పైన మెట్రో వచ్చేలా డబుల్ డెక్కర్ వంతెన కట్టారు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక రాయదుర్గం–శంషాబాద్ విమానాశ్రయ మెట్రోను పక్కనపెట్టి, రెండో దశను కొత్తగా రూపొందించారు. 2024లో రాష్ట్రం ఆమోదించి కేంద్రానికి పంపిన ప్రణాళికలో ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల వ్యయం ఉన్నాయి. రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కు, మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు లైన్లున్నాయి. కొండాపూర్ మీదుగా లక్డీకాపూల్‌కు వెళ్లాల్సిన లైను ఆ జాబితాలో లేదు. రోడ్ల పని మాత్రం ఆగలేదు: 2025 జూన్ 28న గచ్చిబౌలిలో ఔటర్ రింగ్ రోడ్డు వైపు నుంచి కొండాపూర్‌కు ఆరు వరుసల పీజేఆర్ ఫ్లైఓవర్ ప్రారంభమైంది. 1.2 కిలోమీటర్ల ఆ వంతెనకు సుమారు 182 కోట్లు ఖర్చయింది.